మేడ మీది టెలిస్కోపుతో జంట నక్షత్రాలను కొలవడం

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల మేడల మీద నుంచి పాలపుంత చూడాలనుకోవడం ఇప్పుడు వృథా ప్రయాస. వీధి దీపాలు, దుకాణాల బోర్డులు, కాజీపేట వైపు నుంచి వచ్చే వెలుగు కలిసి ఆకాశాన్ని బూడిద రంగుకు తిప్పేశాయి. నీహారికలు, గెలాక్సీలు కావాలనుకునేవాళ్ళు పాకాల చెరువు దాకానో లక్నవరం దాకానో వెళ్ళక తప్పదు. జంట నక్షత్రాలకు ఆ తిప్పలు లేవు. రెండు ప్రకాశవంతమైన చుక్కల మధ్య ఎడాన్ని, దిశను కొలవడానికి చిమ్మచీకటి అక్కర్లేదు, గాలి నిలకడగా ఉంటే చాలు. ఊళ్ళో ఉండి, ఇంటి మేడ దిగకుండా, ఖగోళ శాస్త్రానికి పనికొచ్చే అంకెలు సంపాదించగల పనులు కొన్నే ఉన్నాయి. వాటిలో ఇదొకటి.

విలియం హెర్షెల్ 1779లో జంటల జాబితా మొదలుపెట్టినప్పుడు ఆయన ఉద్దేశం వేరు. ఒకే వరసలో కనబడే దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రం దొరికితే, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నందువల్ల దగ్గరిది కాస్త జరిగినట్టు కనబడాలి, దాన్నుంచి దాని దూరం లెక్కగట్టవచ్చు అనుకున్నాడు. దాదాపు పాతికేళ్ళ తరవాత, 1803లో, ఆయన ప్రకటించింది మాత్రం మరొకటి: కొన్ని జంటలు నిజంగానే ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని. 1827లో ఫెలిక్స్ సావరీ సప్తర్షి మండలంలోని క్సై అనే జంటకు మొదటిసారి కక్ష్య లెక్కగట్టాడు. ఈ చరిత్రలో మన వైపు వాటా కూడా ఉంది. ఆల్ఫా సెంటారి ఒకటి కాదు, రెండు అని 1689లో మొదట చూసింది పుదుచ్చేరిలో తోకచుక్కను గమనిస్తున్న ఫాదర్ రిషో. హైదరాబాదులోని నిజామియా వేధశాల అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో పలకల మీదకు ఎక్కించింది. ఆ పటం కోసం తీసిన పలకల కొలతలు ఈనాటికీ జంటల పాత స్థానాలుగా అక్కరకు వస్తున్నాయి.

కొలిచేవి రెండే అంకెలు

మొదటిది ఎడం. రెండు నక్షత్రాల మధ్య కోణ దూరం ఇది. ఆర్క్ సెకన్లలో చెబుతారు, డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పున్న రూపాయి నాణేన్ని నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో నిలబెడితే అది మన కంటికి చేసే కోణం అంత.

రెండోది స్థాన కోణం. ప్రధాన నక్షత్రాన్ని కేంద్రంగా పెట్టుకుని, ఉత్తరం నుంచి మొదలుపెట్టి తూర్పు మీదుగా తిరుగుతూ రెండో నక్షత్రం ఎన్ని డిగ్రీల్లో ఉందో చెప్పే అంకె. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఇవి ఆకాశంలోని దిక్కులని గుర్తుంచుకోవాలి, మేడ మీది దిక్కులు కావు. ఖగోళ ధ్రువం వైపున్నది ఉత్తరం, నక్షత్రాలు జరిగిపోయే వైపు పడమర.

ఈ రెంటితోపాటు తేదీ లేకపోతే కొలతకు విలువ లేదు. తేదీని దశాంశ సంవత్సరంగా రాస్తారు: 2025 నవంబరు 20 ఆ ఏడాదిలో 324వ రోజు కాబట్టి 2025.887. సమయం యూటీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన విశ్వ సమయంలో, ఉండాలి. మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. మన తెల్లవారుజాము 3 గంటలంటే యూటీలో ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర. తేదీ మారిపోయే చోటు ఇదే.

పరికరాలు, చోటు, వేళ

100 నుంచి 200 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఏదైనా సరిపోతుంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 116ను దానితో భాగిస్తే ఆ టెలిస్కోపు విడదీయగల అతి చిన్న ఎడం సుమారుగా వస్తుంది. 150 మిల్లీమీటర్లకు అది 0.77 ఆర్క్ సెకన్లు. కానీ విడదీయడం వేరు, కొలవడం వేరు. మొదటి ఏడాది ఆ హద్దుకు నాలుగైదు రెట్ల ఎడమున్న జంటలతోనే పని చేయండి.

గ్రహాల ఫొటోలకు వాడే చిన్న కెమెరా, ఒక రెండింతల బార్లో (ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసే కటకం), ల్యాప్‌టాప్ కావాలి. మోటారున్న ఈక్వటోరియల్ మౌంటు, అంటే భూమి అక్షానికి సమాంతరంగా తిరుగుతూ నక్షత్రాన్ని వెంబడించే స్టాండు, ఉంటే సౌకర్యం. డాబ్సోనియన్ (మోటారు లేని సాదా స్టాండు మీది అద్దాల టెలిస్కోపు) ఉన్నవాళ్ళు నిరాశపడనక్కర లేదు, వాళ్ళ దారి తరవాత చెబుతాను.

కెమెరా కొనే ముందు ఒక లెక్క వేసుకోండి. 206.265ను పిక్సెల్ సైజుతో (మైక్రాన్లలో) హెచ్చించి, మొత్తం ఫోకల్ లెంగ్త్‌తో (మిల్లీమీటర్లలో) భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకన్లో తెలుస్తుంది. 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్‌కు (రెండు అద్దాల టెలిస్కోపు) రెండింతల బార్లో పెట్టి, 3.75 మైక్రాన్ల పిక్సెల్ కెమెరా తగిలిస్తే 0.32 వస్తుంది. 0.2 నుంచి 0.4 మధ్య ఉంటే ఈ పనికి బాగుంటుంది.

వరంగల్‌లో అసలు శత్రువు వెలుగు కాదు, వేడి. ఏప్రిల్, మే నెలల్లో పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట లాంటి గ్రానైటు బండలూ, మన మేడల స్లాబులూ పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటాయి. ఆ వేడి గాలి పొరల్లోంచి చూస్తే నక్షత్రం ఉడుకుతున్నట్టుంటుంది. సాయంత్రం మేడ మీద నీళ్ళు చల్లి మంచాలు వేసుకునే మన అలవాటు ఇక్కడ పనికొస్తుంది. నాలుగింటికే నీళ్ళు చల్లండి. అయినా ఎండాకాలంలో అర్ధరాత్రి దాటాకే కొలవండి. పక్కింటి ఏసీ బయటి పెట్టె మీదుగా చూడాల్సి వస్తే ఆ జంటను మరో గంటకు వాయిదా వేయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులదే రాజ్యం. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మనకు అసలైన కాలం. అప్పుడు మంచు సమస్య ఉంటుంది, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర పెట్టుకోండి.

స్టాండును స్లాబు మధ్యలో కాకుండా కింద పిల్లర్ ఉన్న మూలన నిలపండి. స్లాబు మధ్యలో ఎవరు నడిచినా, కింద నీళ్ళ మోటారు ఆన్ చేసినా, తెర మీద నక్షత్రం గంతులేస్తుంది.

ఏ జంటను ఎంచుకోవాలి

ప్రపంచంలో తెలిసిన జంటలన్నిటికీ ఒకే పెద్ద పద్దు ఉంది: వాషింగ్టన్ డబుల్ స్టార్ క్యాటలాగ్. అమెరికా నౌకాదళ వేధశాల దాన్ని నిర్వహిస్తుంది. లక్షన్నరకు పైగా జంటలున్నాయి. ప్రతి జంటకూ ఆకాశ స్థానంతో చేసిన పేరు, మొదటి కొలత ఏడాది, చివరి కొలత ఏడాది, ఆ రెండు కొలతల విలువలు ఉంటాయి.

ఇక్కడొక నియమం పెట్టుకోండి. జంట పేరు, ప్రకాశం, ఆకాశంలో చోటు మాత్రమే కాగితం మీద రాసుకుని, చివరి కొలత విలువలను కొలిచే దాకా చూడకండి. ఇంట్లోవాళ్ళ చేత జాబితా తయారు చేయించుకున్నా మంచిదే. పాత అంకె మనసులో ఉంటే, ఏ ఫ్రేమును ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్న చోట చేయి దానివైపే మొగ్గుతుంది. అలా వచ్చిన అంకె కొలత కాదు, నకలు. ఈ పనిలో టెలిస్కోపు కంటే, కెమెరా కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

సాధనకు మాత్రం తెలిసిన జంటలు కావాలి. రెండింటికి అంకెలు చెబుతాను. హంస మండలంలో ముక్కు దగ్గరి అల్బిరియో: ఎడం 34.5 ఆర్క్ సెకన్లు, స్థాన కోణం 54 డిగ్రీలు. ఇది వరంగల్ మీదుగా 80 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి దగ్గరగా పోతుంది. రెండోది పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూపించేటప్పుడు పక్కనే చూపే వసిష్ఠుడు. అరుంధతి అతనికి 12 ఆర్క్ నిమిషాల దూరంలో ఉంటుంది. టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు: 14.4 ఆర్క్ సెకన్లు, 153 డిగ్రీలు. టెలిస్కోపులో కనబడిన మొదటి జంటల్లో ఇదొకటి, 1617లో బెనెడెట్టో కాస్టెల్లి చూశాడు.

అంకెలు చెప్పకుండా వదిలేసేవి: అశ్వినీ నక్షత్రంలోని గామా ఏరియటిస్, పునర్వసులోని కాస్టర్, ఆండ్రోమెడా పాదం దగ్గరి అల్మాక్, కన్యలోని గామా అంటే పొరిమా, హంసలోని 61వ నక్షత్రం, సర్పధారిలోని 70వ నక్షత్రం. వీటిని మీరే కొలవండి. గామా ఏరియటిస్‌లో రెండూ దాదాపు సమాన ప్రకాశంతో ఉంటాయి కాబట్టి ఏది ప్రధానమో తేలక స్థాన కోణం 180 డిగ్రీలు తిరగబడే అవకాశం ఉంది, జాగ్రత్త. పొరిమాదీ అదే తంతు.

ఆల్ఫా సెంటారిని కొలవాలని ఆశపడకండి. ఇక్కడి నుంచి అది దక్షిణాన 11 డిగ్రీలకు మించి లేవదు. అంత కిందికి ఉన్న నక్షత్రాన్ని గాలి పొర పట్టకంలా విడదీసి ఎరుపు నుంచి నీలం దాకా చిన్న గీతగా సాగదీస్తుంది. 45 డిగ్రీల ఎత్తుకు తక్కువలో ఉన్న జంట ఏదైనా వద్దు. అల్బిరియోలా ఒకటి నారింజ, ఒకటి నీలం అయిన జంటలకు నడినెత్తికి దగ్గర్లో కూడా ఆకుపచ్చ లేదా ఎరుపు ఫిల్టరు పెట్టడం మంచిది. లేకపోతే రెండు రంగులూ వేర్వేరుగా వంగి ఎడం కాస్త మారుతుంది.

కొలత, మొదటి నుంచి

ఒకటి: టెలిస్కోపును కనీసం గంట ముందు బయట పెట్టండి. అద్దాల అమరిక సరిచూడండి. ఫోకస్ కొద్దిగా తప్పించినప్పుడు నక్షత్రం చుట్టూ వలయాలు ఒకే కేంద్రంతో రావాలి. తోక ఉన్న నక్షత్రానికి నడుమ ఎక్కడో చెప్పడం అసాధ్యం.

రెండు: బార్లో, ఫిల్టరు, కెమెరా బిగించి, ఒక నక్షత్రం మీద ఫోకస్ చేసి, ఇక దేన్నీ ముట్టుకోకండి. కెమెరాను కొద్దిగా తిప్పినా దిక్కులు పోతాయి. ఫోకస్ కదిపితే స్కేలు (ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకన్లో చెప్పే అంకె) మారుతుంది, ముఖ్యంగా ప్రధాన అద్దాన్ని జరిపి ఫోకస్ చేసే ష్మిట్ క్యాసెగ్రెయిన్‌లలో. మూలకు తిప్పే డయాగనల్ అద్దాన్ని తీసేయండి, అది బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తుంది.

మూడు: దిక్కు పట్టండి. మొత్తం పనిలో మెలకువ కావలసినది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

నక్షత్రాన్ని తెరలో తూర్పు అంచుకు తెచ్చి మోటారు ఆపేయండి. భూమి తిరుగుతున్నందువల్ల నక్షత్రం తెర మీద పడమరకు జరిగిపోతుంది. ఆ దారిని వీడియో తీయండి. ఆ గీతే తూర్పు–పడమర. దీనిలో గొప్పదనం ఏమిటంటే, మీ మౌంటును ధ్రువ నక్షత్రానికి సరిగ్గా గురిపెట్టకపోయినా ఈ గీతలో తప్పు రాదు. మనకు ధ్రువ నక్షత్రం 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చాలా ఇళ్ళకు అది ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనకే. కాబట్టి ఈ వెసులుబాటు మనకు చాలా ముఖ్యం.

ఇదే గీత స్కేలు కూడా ఇస్తుంది. ఖగోళ మధ్యరేఖ మీది నక్షత్రం సెకనుకు 15.041 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. మధ్యరేఖకు ఉత్తరానికో దక్షిణానికో ఉన్న నక్షత్రానికి ఆ అంకెను దాని క్రాంతి (మధ్యరేఖ నుంచి దాని కోణ దూరం) కొసైన్‌తో హెచ్చించాలి. అల్బిరియో క్రాంతి 27 డిగ్రీల 58 నిమిషాలు, కొసైన్ 0.883, వేగం సెకనుకు 13.28 ఆర్క్ సెకన్లు. సమయాన్ని చేతి గడియారంతో కాకుండా వీడియో ఫ్రేముల మీది ముద్ర నుంచి తీసుకోండి.

ఒక్క గీత చాలదు. గాలి కదలికకు నక్షత్రం ఒక ఆర్క్ సెకను అటూ ఇటూ ఊగితే, 330 ఆర్క్ సెకన్ల గీత చివర్లను మాత్రమే పట్టుకున్నప్పుడు దిశలో 0.17 డిగ్రీల తేడా వస్తుంది. అందుకే చివర్లు కాకుండా ప్రతి ఫ్రేములోని స్థానాన్ని తీసుకుని వాటి గుండా సరళ రేఖ పోయించండి. అలాంటి గీతలు కొలత ముందు ఐదు, తరవాత ఐదు తీయండి. ముందు వాటికీ తరవాతి వాటికీ 0.2 డిగ్రీలకు మించి తేడా ఉంటే మధ్యలో ఏదో కదిలిందని అర్థం. ఆ రాత్రి కొలతలు పక్కన పెట్టేయండి.

నాలుగు: మోటారు ఆన్ చేసి జంటను నడుమకు తెచ్చి వీడియో తీయండి. ఒక్కో ఫ్రేము 5 నుంచి 20 మిల్లీసెకన్లు. అంత తక్కువ సమయంలో గాలి దాదాపు గడ్డకట్టినట్టే ఉంటుంది. ప్రధాన నక్షత్రం నడుమ తెల్లగా నిండిపోకూడదు. ప్రకాశాన్ని చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, 70 శాతం దాటకుండా చూడండి. కెమెరాలో వెలుగును మార్చే గామా, ఆటో సర్దుబాట్లు అన్నీ ఆపేయండి. వీడియో తీసే సాఫ్ట్‌వేర్లలో షార్ప్ క్యాప్, ఫైర్ క్యాప్చర్ రెండూ ఈ పనికి బాగుంటాయి. 1,000 ఫ్రేముల చొప్పున ఎనిమిది పది వీడియోలు విడివిడిగా తీయండి. పదివేల ఫ్రేముల ఒకే వీడియో ఎందుకు వద్దో దోషం దగ్గర తెలుస్తుంది.

ఐదు: ప్రతి వీడియో నుంచి పదునైన పది శాతం ఫ్రేములను ఎంచి, ఒకదానిపై ఒకటి పేర్చి, రెండు నక్షత్రాల నడుములను గుర్తించండి. ఈ రంగంలో ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఫ్లోరెంట్ లోస్ రాసిన రెడ్యూక్. ఆస్ట్రో ఇమేజ్ జె కూడా ఉచితమే. పేర్చిన బొమ్మకు పదును పెట్టే మెరుగులు దిద్దకండి, అవి దగ్గరి జంటల నడుములను లాగేస్తాయి.

లెక్క చేతితో

సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెను నమ్మే ముందు ఒక్కసారైనా కాగితం మీద చేయండి. ఉదాహరణకు పై న్యూటోనియన్, 1280 పిక్సెళ్ళ తెర, అల్బిరియో అనుకుందాం. మోటారు ఆపాక నక్షత్రం 25.0 సెకన్లలో తెర మీద (1150, 470) నుంచి (122, 416) దాకా పోయింది. మొదటి అంకె ఎడమ అంచు నుంచి, రెండోది పై అంచు నుంచి కిందికి.

జరిగిన కోణం 25.0 × 13.284 = 332.1 ఆర్క్ సెకన్లు. జరిగిన పిక్సెళ్ళు: అడ్డంగా 1028, నిలువుగా 54, వర్గాల మొత్తానికి వర్గమూలం 1029.4. భాగిస్తే పిక్సెల్‌కు 0.3226. సూత్రం ఇచ్చిన 0.3223తో ఇది బాగా సరిపోయింది.

నక్షత్రం ఎడమకు, కాస్త పైకి పోయింది. కాబట్టి పడమర అటు, తూర్పు కుడికి కాస్త కిందికి. వాలు 3.0 డిగ్రీలు. న్యూటోనియన్ బొమ్మను తలకిందులు చేస్తుందే తప్ప అద్దంలోలా తిప్పదు కాబట్టి తూర్పు కుడివైపుంటే ఉత్తరం కిందికి ఉంటుంది.

పేర్చిన బొమ్మలో నీలి నక్షత్రం నారింజ నక్షత్రానికి 83.1 పిక్సెళ్ళు కుడికి, 67.3 కిందికి ఉందనుకోండి. 3 డిగ్రీల వాలును సరిచేస్తే,

తూర్పు భాగం = 83.1 × 0.9986 + 67.3 × 0.0525 = 86.5
ఉత్తర భాగం = 67.3 × 0.9986 − 83.1 × 0.0525 = 62.8

వీటి వర్గాల మొత్తానికి వర్గమూలం 106.9. స్కేలుతో హెచ్చిస్తే ఎడం 34.5 ఆర్క్ సెకన్లు. తూర్పును ఉత్తరంతో భాగించి టాంజెంట్ పట్టికలో వెనక్కి చూస్తే 54.0 డిగ్రీలు. రెండు భాగాలూ ధనాత్మకం కాబట్టి కోణం 0 నుంచి 90 మధ్యే. ఉత్తర భాగం రుణాత్మకమైతే 180 కలపాలి. తూర్పు మాత్రమే రుణాత్మకమైతే 360 కలపాలి. తొలి కొలతల్లో ఎక్కువ తప్పులు ఈ ఒక్క మెట్టు దగ్గరే పుడతాయి.

మోటారు లేనివాళ్ళకు

డాబ్సోనియన్‌తో మూడో, నాలుగో అడుగులను కలిపేయండి. జంటను తూర్పు అంచున పెట్టి చేయి తీసేసి, రెండూ తెర దాటే దాకా వీడియో తీయండి. ఒకే వీడియోలో గీతా ఉంది, జంటా ఉంది. పది ఇరవై సార్లు దాటించి సగటు తీయండి. ప్రతి వీడియోకూ దాని దిక్కు దానికే ఉంటుంది కాబట్టి కెమెరా తిరిగిందేమో అన్న బెంగ లేదు.

మోటారున్న ఆల్ట్–అజిమత్ మౌంటు (పైకీ కిందికీ, పక్కలకూ కదిలే స్టాండు) వాళ్ళకే అసలు చిక్కు. అది నక్షత్రాన్ని నడుమన నిలుపుతుంది కానీ బొమ్మ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. వరంగల్ అక్షాంశంలో 80 డిగ్రీల ఎత్తున మధ్యాహ్న రేఖ దాటుతున్న అల్బిరియో దగ్గర ఈ తిరుగుడు గంటకు సుమారు 82 డిగ్రీలు, అంటే నిమిషానికి డిగ్రీకి పైమాటే. దిక్కు గీత తీసి ఐదు నిమిషాలు ఆగి జంటను తీస్తే స్థాన కోణం ఏడు డిగ్రీలు తప్పుతుంది. వీళ్ళు కూడా మోటారు ఆపి డాబ్సోనియన్ పద్ధతే పాటించడం మేలు.

ఐపీస్‌తో కొలిచే దారి

లోపల వెలిగే గీతల స్కేలు, అంచున కోణమాపకం ఉన్న ఐపీసులు దొరుకుతాయి. వాటిలో స్కేలు 6 మిల్లీమీటర్లలో 60 భాగాలుంటే ఒక్కో భాగం 0.1 మిల్లీమీటరు. 2,400 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు అది 8.6 ఆర్క్ సెకన్లు. పదో వంతు దాకా కంటితో అంచనా వేసినా 0.9 దగ్గర ఆగిపోతాం. అంటే 20 ఆర్క్ సెకన్లకు పైబడిన జంటలకే ఇది పనికొస్తుంది. స్కేలును కట్టుకోవడానికి 60 డిగ్రీల క్రాంతి దగ్గరి నక్షత్రం స్కేలు ఈ చివర నుంచి ఆ చివరకు ఎంతసేపట్లో పోతుందో పదిసార్లు చూడండి. సుమారు 69 సెకన్లు పడుతుంది కాబట్టి బొటనవేలు తడబాటు పెద్దగా లెక్కలోకి రాదు. కోణానికైతే జంటను స్కేలు గీత మీదకు తిప్పి, ప్రధాన నక్షత్రం నడుమ గుండా జరిగి అంచు కోణమాపకాన్ని ఎక్కడ తాకుతుందో చదవండి. అదే పడమర. దాన్నుంచి లెక్క కట్టాలి.

కంటితో కొలవడంలో ఉన్న హాయి కెమెరాలో లేదు. అంకెల కోసమైతే మాత్రం నేను కెమెరానే ఎంచుకుంటాను.

దోషం ఎంత

ఎనిమిది వీడియోలు ఎనిమిది ఎడాలు, ఎనిమిది కోణాలు ఇస్తాయి. వాటి సగటు మీ కొలత. అవి ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనాన్ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే సగటు దోషం వస్తుంది. ఒకే పెద్ద వీడియో తీస్తే ఒకే అంకె వస్తుంది, దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పేవాళ్ళుండరు. అందుకే విడివిడిగా తీయమన్నది.

ఎడంలోని దోషానికీ కోణంలోని దోషానికీ సంబంధం ఉంది. ఎడంలో దోషాన్ని ఎడంతో భాగించి 57.3తో హెచ్చిస్తే అది కోణంలో ఎంతవుతుందో తెలుస్తుంది. 0.1 ఆర్క్ సెకన్ల తడబాటు 34.5 ఎడమున్న అల్బిరియోకు 0.17 డిగ్రీలే, 5 ఎడమున్న జంటకు 1.1 డిగ్రీలు. దగ్గరి జంటకు పదో వంతు డిగ్రీ దాకా కోణం రాసి పంపితే చదివేవాళ్ళు నవ్వుకుంటారు.

సగటు ఎంత చేసినా పోని దోషం స్కేలుది. స్కేలు ఒక శాతం తప్పితే అన్ని ఎడాలూ ఒక శాతం తప్పుతాయి, చెదరడం మాత్రం కనబడదు. దీనికి విరుగుడు, నక్షత్రాల స్థానాలను కొలిచిన గయా ఉపగ్రహం కొలతలతో 2022లో విడుదలైన మూడో జాబితా నుంచి 30 ఆర్క్ సెకన్లకు పైబడిన, మెల్లగా కదిలే రెండు మూడు జంటలను తీసుకుని నెలకోసారి స్కేలు సరిచూడటం. ఆ జాబితాలోని స్థానాలు 2016.0కి చెందినవి. ఈనాటికి జరిపి వాడాలి.

కదలికను పట్టడం

ఒక రాత్రి కొలత స్థానం చెబుతుంది. కదలిక చెప్పాలంటే ఏళ్ళు కావాలి, లేదా పాత కొలతలు కావాలి. మీ కొలత అయిపోయాక ఇప్పుడు వాషింగ్టన్ జాబితా తెరిచి పాత విలువలు చూడవచ్చు. ప్రతి కొలతనూ ఎడం × సైన్ కోణం (తూర్పు), ఎడం × కొసైన్ కోణం (ఉత్తరం) అని రెండు అంకెలుగా మార్చి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి.

చుక్కలు సరళ రేఖలో, సమాన వేగంతో పోతుంటే అవి ఒకే వరసలో కనబడుతున్న అపరిచితులు కావచ్చు. వంపు కనబడితే గురుత్వం పని చేస్తోంది. నిజమైన కక్ష్యలో ఎడం వర్గాన్ని కోణం మారే వేగంతో హెచ్చిస్తే ఎప్పుడూ ఒకే విలువ రావాలి, కెప్లర్ రెండో నియమం. దగ్గరికొచ్చినప్పుడు కోణం గబగబా తిరుగుతుంది, దూరమైనప్పుడు నిదానిస్తుంది. అల్బిరియో ఇన్నేళ్ళుగా జంటలకు ముఖచిత్రంలా ఉన్నా, గయా కొలతలు చూస్తే ఆ రెండూ నిజమైన జంట కాకపోవచ్చుననే అనిపిస్తోంది.

పొరిమాను ఎంచమన్నది ఇందుకే. దాని కక్ష్యాకాలం 169 ఏళ్ళు. 1836లో రెండూ ఎంత దగ్గరికొచ్చాయంటే ఒక్కటిగా కనబడ్డాయి. మళ్ళీ 2005లో దగ్గరికొచ్చి, అప్పటి నుంచి విడిపోతున్నాయి. ఇప్పుడు ఎడం ఏడాదికి సుమారు 0.1 ఆర్క్ సెకన్ల చొప్పున పెరుగుతోంది. మీ దోషం 0.05 దగ్గర ఉంటే రెండు మూడేళ్ళలో మీ సొంత అంకెల్లోనే అది కనబడాలి. సర్పధారిలోని 70వ నక్షత్రం కక్ష్య 88 ఏళ్ళది. కాస్టర్ నాలుగున్నర శతాబ్దాలకు పైబడినది, దాని వంపు గ్రాఫు మీద కనబడాలంటే దశాబ్దాలు కావాలి.

తొందరగా ఫలితం చూడాలనుకునేవాళ్ళకు హంసలోని 61. 1838లో బెస్సెల్ మొదటిసారి నక్షత్ర దూరం కొలిచింది దీనిదే. ఈ జంట మొత్తంగా ఏడాదికి 5.2 ఆర్క్ సెకన్లు వెనకున్న నక్షత్రాల మీదుగా జరుగుతుంది. తెరలో పడే ఒక మసక నక్షత్రం నుంచి దీని స్థానాన్ని ఈ నవంబరులో, వచ్చే నవంబరులో కొలవండి. అదే నెలలో ఎందుకంటే, భూమి చుట్టుదారి వల్ల ఈ జంట 0.29 ఆర్క్ సెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. అదే నెలలో కొలిస్తే ఆ ఊపు రెండు కొలతల్లోనూ ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది.

నమోదు, పంపడం

గయా ఉన్నాక మన కొలతలెందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. విశాలమైన మసక జంటల్లో గయాకు మన టెలిస్కోపు సాటి రాదు. కానీ కళ్ళు చెదిరేంత ప్రకాశవంతమైన నక్షత్రాలు, బాగా దగ్గరగా ఉన్న జంటలు దానికీ ఇబ్బందే. కక్ష్యకు కావలసింది ఒక గొప్ప కొలత కాదు, ఏళ్ళ తరబడి ఆగకుండా వచ్చే కొలతల వరస. కాబట్టి కక్ష్య లెక్కగట్టిన జంటల జాబితాలో నాణ్యత 4, 5 అని వేసిన జంటలను వెతకండి. 1 అంటే ఖాయమైన కక్ష్య, 5 అంటే గాలిలో దీపం. వాటిలో మీ టెలిస్కోపుకు అందేవి పది ఎంచుకుని ఏటా కొలవండి.

నోటుపుస్తకంలో ప్రతి కొలతకూ ఒక వరస: జంట పేరు, దశాంశ సంవత్సరం, స్థాన కోణం, దాని దోషం, ఎడం, దాని దోషం, ఎన్ని వీడియోలు, ఎన్ని రాత్రులు, టెలిస్కోపు వ్యాసం, ఫిల్టరు, గాలి నిలకడ. ఒక్క రాత్రి కొలతను పంపకండి. కనీసం మూడు వేర్వేరు రాత్రుల సగటు పంపండి. 2005 నుంచి వస్తున్న జర్నల్ ఆఫ్ డబుల్ స్టార్ అబ్జర్వేషన్స్ ఔత్సాహికుల కొలతలను ప్రచురిస్తుంది, వాషింగ్టన్ జాబితాకు దారి అటు నుంచే. పంపేటప్పుడు ఏ రాత్రి కొలతలు తీసేశారో, ఎందుకు తీసేశారో కూడా రాయండి. జాబితాలోని పాత విలువకు మీ కొలత దూరంగా ఉందన్నది తీసేయడానికి కారణం కాదు. కెమెరా తిరిగిందనో, మంచు పట్టిందనో, దిక్కు గీతలు కలవలేదనో అయితే అవి కారణాలు.